బిరుదులు మింగిన ఆజ్ఞ

మణిసింధు రాజ్యానికి శత్రువులు తక్కువ, బిరుదులు ఎక్కువ. మహారాజు ప్రతాపధ్వజుడికి ఒక్కడికే తొంభై ఆరు ఉన్నాయి. వాటిని వరస తప్పకుండా రాయడానికి రాజధానిలో ఒక రాయసశాల, అందులో నలభై మంది లేఖకులు, వాళ్లందరి మీద రాయసాధిపతి విద్యాభూషణుడు. ఆ శాల వైభవం చూసి తీరవలసిందే. గంధపు స్తంభాలు, దంతపు పీటలు, పసుపునీళ్లలో ఉడికించి నీడన ఆరబెట్టిన తాటాకులు, పిడికి కెంపులు పొదిగిన గంటాలు. రాజాజ్ఞ ఏదైనా నలభై ఆకులకు తగ్గకూడదు. మొదటి ముప్పై ఎనిమిది ఆకులూ బిరుదులకే సరిపోయేవి. ముప్పై తొమ్మిదో ఆకులో అసలు సంగతి ఉండేది. నలభయ్యో ఆకు ఖాళీగా ఉండేది. ప్రభువు మనసులో ఉండి పైకి చెప్పని మాటలకు అది గౌరవమట. ఆ ఖాళీ ఆకు మీద కూడా లక్కముద్ర వేసేవాళ్లు.

అంత గొప్ప శాలకు ఆ చైత్రమాసంలో ఒక విచిత్రమైన చిక్కు వచ్చింది. వజ్రకోణ దుర్గానికి పంపిన లేఖలు చేరుతున్నాయి, జవాబులు వస్తున్నాయి, చెప్పిన పని మాత్రం జరగడం లేదు.

చెప్పిన పని చిన్నదేమీ కాదు. నెల కిందట ధూమకర్ణుడనే మాంత్రికుడు, వేటకు వెళ్లిన రాకుమారుడు ఇందుధరుణ్ణి తెల్లగుర్రంగా మార్చి అతడి రూపం తాను ధరించాడు. గుర్రం ఎలాగో తప్పించుకుని వచ్చి అంతఃపురం ముంగిట నిలబడి కన్నీళ్లు కార్చింది. రాజగురువు అంజనం వేసి చూసి సంగతంతా చెప్పాడు. సరిహద్దున ఉన్న వజ్రకోణ దుర్గంలో ఉదయమణి అనే రత్నం ఉంది. దాని మందిరం ఏడాదికి ఒక్కరోజే, చైత్ర పౌర్ణమి నాడు తెరుస్తారు. ఆనాడు పొద్దు గుంకేలోగా మాంత్రికుడు మణిని తాకితే దొంగిలించిన రూపం ఇక అతడిదే, ఇందుధరుడు బతికినన్నాళ్లూ గుర్రమే. గుర్రమే ముందుగా తాకితే రాకుమారుడికి తన రూపం తనకు వస్తుంది. అప్పటిదాకా నీటిలో మాత్రం మాంత్రికుడి అసలు ముఖమే కనబడుతుంది. ధూమకర్ణుడు అప్పుడే ఏనుగెక్కి, ఊరూరా హారతులు పట్టించుకుంటూ దుర్గం దారి పట్టాడు.

మహారాజు వెంటనే లేఖ పంపించాడు. దుర్గం నుంచి జవాబు వచ్చింది: "తమ లేఖ విన్నాం. తమ బిరుదులు విని పులకించాం." కోట తలుపు మూస్తామనిగానీ, మాంత్రికుణ్ణి పట్టుకుంటామనిగానీ ఒక్క ముక్క లేదు. రెండో లేఖకూ అదే జవాబు. మూడో లేఖకు జవాబు వచ్చేసరికి పౌర్ణమి రెండు రోజుల్లోకి వచ్చింది.

సభలో విద్యాభూషణుడు లేచి, సరిహద్దు జనం మోటువాళ్లనీ, లేఖలో గాంభీర్యం చాలకనే వాళ్లకు బుద్ధి రాలేదనీ, ఈసారి బిరుదుల వర్ణన రెట్టింపు చేస్తాననీ మనవి చేశాడు. మిగిలిన లేఖకులు తలలూపారు. ఊపనివాడు ఒక్కడే ఉన్నాడు, మాచన.

మాచనకు ముప్పై ఏళ్లు. శాలలో అందరికన్నా కింది పీట అతడిది. చేతిరాత ముత్యాల్లా ఉంటుందని నకళ్లు రాయడానికి పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడేళ్లు సంతలో తప్పెట కొట్టి చాటింపు వేసేవాడు. నెత్తిన తట్టతో నడిచిపోయే మనిషికి నాలుగు అడుగుల్లో సంగతి చెప్పకపోతే ఆ మనిషి దాటిపోతుంది. ఆ అలవాటు ఇంకా పోలేదు. పైగా అతడికి పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది, తెలియనిది కనబడితే అడక్కుండా ఉండలేడు.

"ప్రభూ, ఒక్క సందేహం. ఆ లేఖ అక్కడ ఎవరు చదువుతారు? వినేవాళ్లు ఎంతసేపు వింటారు?" అన్నాడు.

మహారాజు అదే ప్రశ్న విద్యాభూషణుణ్ణి అడిగాడు. నలభై ఏళ్లుగా రాయసశాల నుంచి ఒక్క లేఖకుడైనా ఏ దుర్గానికీ వెళ్లలేదని అప్పుడు బయటపడింది. "రాయడం మన వంతు ప్రభూ. వినడం వాళ్ల ఖర్మ," అన్నాడు విద్యాభూషణుడు, ఎంతో హుందాగా.

మహారాజుకు నవ్వు రాలేదు. సైన్యం రాచబాటన వెళితే పదిహేను రోజులు పడుతుంది. అడ్డదారిన ఒక్క మనిషి, ఒక్క గుర్రం రెండు రోజుల్లో చేరవచ్చు. వర్ణన పెంచే వ్యవధి లేదని, పాత లేఖకే కొత్త నకలు తీసుకుని, రాకుమారుణ్ణి వెంటబెట్టుకుని మాచననే వెళ్లమన్నాడు. విద్యాభూషణుడు నలభై ఆకులూ సంచిలో పెట్టి ఇస్తూ శాసనం గుర్తు చేశాడు. రాజముద్ర ఉన్న ఆకు మీద అధిపతి అనుమతి లేకుండా ఒక్క గీత గీసినా ఆ కుడిచెయ్యి నరికేస్తారు. ఆ శాసనం రాసింది కూడా ఆయనే.

బయలుదేరే ముందు మాచన, మూడో లేఖ మోసిన వార్తాహరుణ్ణి పట్టుకుని దారి అడిగాడు. దుర్గంలో ఏం జరుగుతుందో తనకు తెలియదనీ, గుమ్మం దగ్గరే లేఖ అందుకుని తనను పంపేస్తారనీ అతను చెప్పాడు. దారిలో పాతాళగండి దగ్గర రాతిభూతం ఉంటుందట, చెప్పినట్టు చేస్తుందట, భయపడనక్కర్లేదట. అంతకన్నా అడగడానికి తీరిక లేకపోయింది. రాకుమారుడి వీపు మీద కాలేసి ఎక్కడం ఎలాగో మాచనకు పాలుపోలేదు. దణ్ణం పెట్టి ఎక్కాడు.

గుర్రం గాలిని చీల్చుకుంటూ పరుగెత్తింది. మోదుగులు ఎర్రగా విరగబూసిన అడవులు, నెమళ్లు పురివిప్పిన మైదానాలు, చంద్రకాంతపు రాళ్ల మీదుగా గలగలా దూకే సెలయేళ్లు వెనక్కి పోయాయి. రెండో రోజు ఉదయం ఆకాశం నల్లబడింది. మబ్బు కాదు, ధూమకర్ణుడు కాపలా పెట్టిన ఇనుపముక్కు గద్దలు. ఒకటి మాచన తలపాగా ఎగరేసుకుపోయింది. ఇంకొకటి సంచి పట్టీని పొడిచింది. గుర్రం దారి వదిలి నేరుగా జలపాతం వెనకకు దూరింది. వెంటబడ్డ గద్దల ఇనుపముక్కులు నీటి బరువుకు కిందికి వాలి, అవి ఒకదాని వెనక ఒకటి మడుగులో పడ్డాయి. మాచన తడిసి ముద్దయ్యాడు గానీ సంచి గుండెకు హత్తుకునే ఉన్నాడు.

మధ్యాహ్నానికి పాతాళగండి వచ్చింది. కొండను ఎవరో గొడ్డలితో రెండుగా నరికినట్టు అడుగు కనిపించని లోయ. గట్టు మీద ఏనుగంత రాతిభూతం ముడుచుకుని పడుకుని ఉంది. మాచన దగ్గరికి వెళ్లి, రాయసశాలలో నేర్చుకున్న మర్యాదతో, శిలాకాయ సంపన్నుడవనీ, గిరిశిఖర సోదరుడవనీ పొగిడి, దారి ప్రసాదించమని వేడుకున్నాడు. భూతం ఒక కన్ను తెరిచి మళ్లీ మూసుకుంది.

ఇంతలో ఒక ముసలామె మేకల్ని తోలుకుంటూ వచ్చింది. మాచన ఏం జరుగుతుందా అని పక్కకు జరిగి చూశాడు. ఆమె కర్రతో భూతం వీపు మీద తట్టింది.

"పదారు మేకలు, నేనూ. ఈ గట్టు మీంచి ఆ గట్టుకి. ఆకరి మేక దిగిందాకా ఉండు."

భూతం లేచి ఒళ్లు విరుచుకుని గండికి అడ్డంగా వంతెనలా వాలింది. మేకలన్నీ దాటాయి. చివరి మేక కాలు గట్టున పెట్టగానే భూతం వెనక్కి వచ్చి ముడుచుకుంది. మాచనకు ఆనందం పట్టలేదు. ఎవరు, ఎక్కడి నుంచి ఎక్కడికి. దీనికి ఇంతే కావాలి. అతను గబగబా దాని వీపు తట్టి, "నేనొకణ్ణి, గుర్రమొకటి. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు," అన్నాడు.

వంతెన పడింది. గుర్రం పరుగెత్తింది. దాని ముందుకాళ్లు అవతలి గట్టును తాకాయో లేదో, చెప్పిన పని అయిపోయిందనుకుని భూతం కాళ్ల కింది నుంచి జారిపోయింది. వెనకకాళ్లు గాలిలో తేలాయి. రాళ్లు పెళపెళా లోయలోకి రాలాయి. మాచన గుర్రం మెడ మీదుగా ముందుకు ఎగిరి గట్టున ఉన్న వేరు పట్టుకుని, రెండో చేత్తో కళ్లెం లాగాడు. ముసలామె కర్ర వంకీ జీనుకు తగిలించి తనూ లాగింది. గుర్రం బుసకొడుతూ పైకి పాకింది.

"ఆకరి మాట మింగేసేవు నాయనా," అంది ముసలామె, చెమట తుడుచుకుంటూ. "అన్నీ సెప్పి ఆకరిది మింగేస్తే సెప్పనట్టే." మాచన ఆమె కాళ్లకు దణ్ణం పెట్టి గుర్రమెక్కాడు.

సాయంత్రం ఎండ ఇంకా పసుపుగా ఉండగానే వజ్రకోణం కనిపించింది. కొండ మొత్తాన్ని చెక్కి కట్టిన కోట. అయిదు ప్రాకారాలు, బురుజు బురుజుకూ ఇత్తడి సింహాలు, అన్నిటికన్నా పైన తెల్లని మెట్ల చివర మణిమందిరం. దాని తలుపులు ఆ రోజుకు తెరిచే ఉన్నాయి. కోటగోడ మీద కొత్తగా చెక్కిన అక్షరాలు చూసి మాచన గుర్రాన్ని ఆపాడు. అవి మహారాజు బిరుదులు. సరిగ్గా ముప్పై ఎనిమిది ఉన్నాయి. మిగిలిన యాభై ఎనిమిదీ ఎందుకు చెక్కలేదో అతడికి అంతుపట్టలేదు.

గుమ్మం దగ్గర లేఖ అందుకుని అతణ్ణి వెళ్లిపొమ్మన్నారు. తాను రాయసశాలవాణ్ణనీ, లేఖ ఎలా వింటారో చూసిపోతాననీ మాచన బతిమాలాడు. ఆ మాట దుర్గపాలిక సింగమాంబ దాకా వెళ్లింది. అరవై ఏళ్ల వీరవనిత, భుజాన గండ్రగొడ్డలి. లేఖలు రాసేవాడు వాటిని వినడానికి రావడం తన జన్మలో చూడలేదని నవ్వి, గుర్రంతో సహా లోపలికి రానిచ్చింది.

వినుకొలువు అనే రాతి ముంగిట్లో ఒక పెద్ద తొట్టి, నిండా నీళ్లు. చుట్టూ రెండు వందల మంది భటులు. సింగమాంబ అడుగున చిల్లి ఉన్న రాగి గిన్నె ఒకటి నీటి మీద తేలవేసింది. ముసలి చదువరి లేఖ విప్పి మొదటి బిరుదు అందుకున్నాడు. వినే భటుల్లో ఒక్కడూ కన్నార్పలేదు. ఒకడి మెడ మీద కందిరీగ వాలినా కదల్లేదు. చిల్లిలోంచి నీళ్లు ఊరి గిన్నె మెల్లగా కిందికి దిగుతోంది. మాచన గిన్నెను చూశాడు, చదువరిని చూశాడు, మళ్లీ గిన్నెను చూశాడు. ముప్పై ఎనిమిదో బిరుదు దగ్గర గిన్నె బుడుంగుమని మునిగింది. చదువరి ఆ మాట సగంలోనే లేఖ కట్టేశాడు.

"విన్నాం," అన్నారు అందరూ ఒక్కసారిగా.

మాచన ఇదేమి పద్ధతమ్మా అని అడిగితే సింగమాంబ చెప్పింది. ఆమె తాతగారి కాలంలో ఒక లేఖను పూట పొడుగునా చదువుతూంటే, వినేవాళ్లు నిలబడి ఉండగానే శత్రువులు గోడ ఎక్కేశారట. అప్పటి నుంచి గిన్నె మునిగేదాకానే వింటారు. విన్నంతవరకే ఆజ్ఞ. మూడు లేఖలకూ గిన్నె ముప్పై ఎనిమిదో బిరుదు దగ్గరే మునిగింది. ప్రభువు తన బిరుదులు మరిచిపోవద్దంటున్నాడు కాబోలనుకుని గోడ మీద చెక్కించారు.

మాచనకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అసలు సంగతి తాను చెబుతానన్నాడు. సింగమాంబ తల అడ్డంగా ఊపింది. వార్తాహరుల నోటిమాట నమ్మి తాతగారు రెండుసార్లు మోసపోయాడట. ముద్ర ఉన్న రాతే వింటారు. చదివేసిన లేఖకు రెండో గిన్నె లేదు. వేరే లేఖ ఉంటే తెమ్మంది.

అప్పుడే కొండ కింద శంఖాలు మోగాయి. రాకుమారుడు ఇందుధరుడు వేంచేస్తున్నాడని కావలివాడు కేక వేశాడు. స్వాగతానికి కింది ద్వారం తెరవమని పొద్దుటే చెప్పి ఉంచారు. గొలుసులు కిరకిరలాడడం మొదలైంది. మాచన పక్కనే తెల్లగుర్రం నిలువెల్లా వణికిపోయింది.

మాచన చూపు లేఖ కట్ట మీద పడింది. నలభయ్యో ఆకు. ఖాళీ. కింద ఎర్రని రాజముద్ర. అతను ఒక్కసారి తన కుడిచేతి వైపు చూసుకున్నాడు. భయం వేసింది, చాలా భయం వేసింది. అయినా ఆకు లాగి, నడుమున ఉన్న గంటం తీశాడు. అలవాటు చొప్పున చెయ్యి 'రాజాధి' అని బిరుదు మొదలుపెట్టేసింది. దాన్ని గీరి కొట్టేశాడు. నెత్తిన తట్టతో పోయే మనిషి కళ్ల ముందు నిలిచింది. ఆమె ముందుగా ఏం చెయ్యాలి? అదే మొదటి మాట. గీసిన అక్షరాలు నల్లగా కనబడేలా పసరు రుద్దే తీరిక లేదు. రాసిన ఆకును చదువరి చేతిలో పెట్టాడు.

కొత్త గిన్నె తేలింది. చదువరి ఆకును ఎండకు వాల్చి చదివాడు.

"కోట తలుపు తెరవకండి. వచ్చేవాడు రాకుమారుడు కాడు, అతడి రూపం దొంగిలించిన మాంత్రికుడు ధూమకర్ణుడు. అనుమానముంటే అతడి ముఖం నీళ్లలో చూడండి, అసలు రూపం కనబడుతుంది. పొద్దు గుంకేదాకా అతణ్ణి ఉదయమణిని తాకనివ్వకండి."

అంతే. చదువరి ఆకు వెనక్కి తిప్పి చూశాడు, ఏమీ లేదు. గిన్నెలోకి ఇంకా వేలెడు నీళ్లయినా రాలేదు. సింగమాంబ కళ్లు నిప్పుల్లా వెలిగాయి గానీ ఆమె కదల్లేదు. ఎవరూ కదల్లేదు. గిన్నె మునిగేదాకా కదలకూడదు. ఇంత పొట్టి లేఖ ఆ ముంగిట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు, వింటే ఏం చెయ్యాలో తాతగారు చెప్పిపోలేదు. కింద గొలుసులు తిరుగుతూనే ఉన్నాయి. తలుపు మూరెడు తెరుచుకుంది, బారెడు తెరుచుకుంది.

మాచన ఒక్క అంగలో తొట్టి దగ్గరికి దూకి, కుడిచెయ్యి మోచేతి దాకా ముంచి గిన్నెను అడుగుకు నొక్కేశాడు.

"విన్నాం," అంది సింగమాంబ. ఆ వెంటనే, "బూర ఊదండి. తలుపు మూయండి."

బూర మోగింది. గొలుసులు ఆగి వెనక్కి తిరిగాయి. అయితే సగం తెరిచిన తలుపులోంచి ఒక మనిషి ఏనుగు దిగి అప్పటికే లోపలికి వచ్చేశాడు. పట్టుబట్టలు, చెవులకు వజ్రాల పోగులు, చూడముచ్చటైన చిరునవ్వు. భటులు అలవాటుగా దారి ఇచ్చారు. అతను నింపాదిగా మెట్లెక్కి వచ్చి, ఈ గడబిడ ఏమిటని అడిగి, చదువరి చేతిలోని ఆకు తీసుకుని చూశాడు.

"ఇది మా రాయసాధిపతి చేతిరాత కాదు. మహారాజు ముద్ర మీద దొంగరాత రాసినవాడికి శిక్ష ఏమిటో నీకు తెలుసు కదా, సింగమాంబా?"

ఆమె మాచన వైపు తిరిగింది. "నువ్వు రాశావా అబ్బాయ్?"

"నేనే రాశానమ్మా. మాట మహారాజుగారిది. రాత నాది."

"అయితే నీ చెయ్యి సంగతి తర్వాత చూస్తాను. విన్న ఆజ్ఞ ముందు." ఆమె గండ్రగొడ్డలి భుజం మీంచి దించింది. "రాకుమారా, ఒక్కసారి ఈ తొట్టిలోకి చూడండి."

అతను నవ్వుతూనే వంగాడు, నవ్వుతూనే వేళ్లతో నీటిని కలిపేశాడు. అలలు చెదిరాయి. తెల్లగుర్రం అడుగు ముందుకు వేసి సకిలించింది. మెల్లగా, మరీ మెల్లగా, నీళ్లు నిలిచాయి. రెండు వందల మంది ముందుకు వంగి చూశారు. నీటిలో పట్టుబట్టలు లేవు, చిరునవ్వు లేదు. ముడతలు పడిన బూడిదరంగు ముఖం, చెవులుండవలసిన చోట సుళ్లు తిరుగుతున్న పొగ.

ధూమకర్ణుడు పెట్టిన గావుకేకకు ఇత్తడి సింహాలు బురుజుల మీద అదిరాయి. సింగమాంబ గొడ్డలి అతడి నడుములోంచి దూసుకుపోయింది, అక్కడ పొగ తప్ప ఏమీ లేదు. ఆ పొగ రెండు పాయలైంది. ఒక పాయ ఇంకా తడి ఆరని మాచన కుడి మణికట్టును చుట్టుకుని తొట్టిలోకి లాగింది. మోకాలి లోతు తొట్టికి ఇప్పుడు అడుగే లేదు. రెండో పాయ నేలన పాకుతూ తెల్లని మెట్ల వైపు, మణిమందిరం వైపు సాగింది. భటులు కత్తులతో పొగను నరుకుతున్నారు, అది అతుక్కుంటూనే ఉంది. అతణ్ణి తాకనివ్వకండి అని విన్నారు గానీ, పొగను ఎలా ఆపాలో ఏ ఆకులోనూ లేదు.

నీళ్లు మాచన ఛాతీకి వచ్చాయి, గడ్డానికి వచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆకరి మాట. మళ్లీ మింగేశాడు. రాసినదంతా రాసి, గుర్రం సంగతి రాయనే లేదు.

సంతలో ఏడేళ్లు అరిచిన గొంతుతో, మిగిలిన ఒక్క ఊపిరితో అతను చాటింపు వేశాడు.

"ఈ గుర్రమే రాకుమారుడు. మణిని తాకించండి."

ఆ మాటకు ఆకు లేదు, ముద్ర లేదు, నీటి మీద గిన్నె లేదు. మాచన తల మీదుగా నీళ్లు మూసుకునేసరికి సింగమాంబ గుర్రం జూలు పట్టుకుని, పాకుతున్న పొగను దాటుకుంటూ, మణిమందిరం మెట్లు ఎక్కుతోంది.